జర సమజాయించు

కొండాపూర్,
8 నవంబరు 2011

చిరంజీవి నవనీతను దీవించి నాయన రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ బాగున్నాం. అక్కడ నువ్వు, కాలు సంగతి పక్కన పెడితే అల్లుడు రాజేందర్, బాగున్నారనే అనుకుంటాను.

సమ్మె వల్ల నీ ఉత్తరం జగిత్యాల నుంచి రావడానికి ఇరవై రోజులు పట్టింది. నా షుగర్ అడిగావు. తగ్గింది. అమ్మ మోకాళ్లు తగ్గలేదు. చంద్రయ్య ఎలా ఉన్నాడన్నావు. మా అపార్టుమెంటు గేటు దగ్గరే వాచ్‌మన్‌గా ఉన్నాడు. నేను కారు దిగితే ఎడమ చేత్తో సలాం కొడతాడు. అది పొగరని కొత్త సాఫ్ట్‌వేర్ పిల్లలు ఫిర్యాదు చేశారు. కుడి చెయ్యి భుజం దాటి లేవదని వాళ్లకేం తెలుసు? ఈ పదంతస్తుల కింద ఉన్నది ఒకప్పుడు వాడి జొన్నచేనే. అమ్మనన్నాడు. జర సమజాయించమని మావాళ్లకు చెప్పాను. రిజిస్ట్రేషన్‌కు అడిగేది ఎడమ బొటనవేలే కాబట్టి ఇబ్బంది కాలేదు.

నచ్చజెప్పమన్నట్టు వినబడే ఆ మాట నా సొంత తయారీ. ఇరవై రెండేళ్ల భూముల దందాలో నరుకు, కొట్టు అని ఒక్కసారి అనలేదు. కోర్టులో ఎవడు సాక్ష్యం చెప్పినా నేను మంచిమాటే అన్నట్టు ఉండాలి. నీకు ఎక్కాలు రానప్పుడు మీ అమ్మతో అన్నది మాత్రం అసలు అర్థంలోనే.

ఇక, ధర్నాకు వచ్చిన అల్లుడి కాలు హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర విరగ్గొట్టిన మఫ్టీ పోలీసులెవరో కనుక్కోమన్నావు. కనుక్కునే పని లేదు బిడ్డా. ముందురోజు అతను మా ఇంట్లోనే తిన్నాడు. మీ అమ్మ బోటికూర వండింది. మూడో ముద్దకు సంచిలోంచి కాగితాలు తీశాడు. ఇక్కడ భూములు పోయినవాళ్ల పేర్లు, మొదట చంద్రయ్యది. తీసుకున్నవాళ్లలో మొదట నాది.

"రేపు మైకుల చదువుత మామా. ఎంతసేపూ ఆంధ్రోళ్లు దోచిన్రనుడేనా? ఇంటోళ్ల పేర్లు గూడ చెప్పాలె గద."

చెయ్యి కడుక్కుని మా పాత మనిషి శ్రీనును పిలిచాను. దందా మూసి ఏడేళ్లైనా ఆ మాట ఇద్దరమూ మరవలేదు. అల్లునికి జర సమజాయించమన్నాను.

వాడు తప్పుగా అర్థం చేసుకున్నాడని రాద్దామనుకున్నాను. నువ్వు నమ్మేదానివి. కానీ వాడు గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు.

"మాటలతోనా పటేలా, ఎప్పటి లెక్కనా?"

"ఎప్పటి లెక్కనే. తల మీద వద్దు."

ఆ చివరి మాట నీ కోసం అన్నాను.

లాఠీ దెబ్బలు తిన్నవాడని మీ ఊళ్లో అతనికి శాలువా కప్పుతున్నారట, రమ్మన్నావు. వస్తాను. నన్నే కప్పమంటే కప్పుతాను. మామ కొట్టించిన కాలని తెలిస్తే శాలువా ఎవరు కప్పుతారు? ఆలోచించుకో.

అతను ఆ రోజు పోయిన కాగితాల నకళ్లు మళ్లీ తెప్పిస్తున్నాడని కూడా రాశావు, గొప్పగా. ఇంకో కాలు బాగానే ఉంది కదా. అందుకే శ్రీనుతో అనేముందు నీతో అంటున్నాను: అల్లునికి జర సమజాయించు.

ఇట్లు,
నిన్ను ఎన్నడూ చెయ్యెత్తి కొట్టని
మీ నాయన