ఒళ్లో సంచి

బాబూ, కార్డు చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మొన్న ఆదివారం అక్కావాళ్ల వీధిలో అందరికీ కలిపి భోజనాలు పెట్టారు. మేడల్లో ఉండేవాళ్లూ, ఇల్లు లేక బస్సుల షెడ్డులో పడుకునేవాళ్లూ పక్కపక్కనే కూర్చోవాలన్నారు. నా పక్కన, ఒకప్పుడు బట్టలు కుట్టి బతికిన ఆవిడ కూర్చుంది. నాకు భయం వేసి సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. ఆవిడ మూట ఆవిడ ఒళ్లోనే ఉంది.

"మీకూ ఇల్లు లేదా పిన్నిగారూ?" అని అడిగింది.

"అదేం మాట? కూతురిల్లొకటి, కొడుకిల్లొకటి, నాకు రెండిళ్లు" అన్నాను.

"రెండిళ్లున్నావిడ సంచి ఏదో ఒక ఇంట్లో పెట్టి వస్తుంది గానీ, ఇలా మోసుకొస్తుందా?" అని నవ్వింది. నాకు పళ్లు లేవని చూసి, తన కూరలో మెత్తటి ముక్కలు ఏరి నా కంచంలో వేసింది. కాదనలేక తిన్నాను.

అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. వచ్చే నెల అక్క అత్తగారు వస్తోంది, ఇక్కడ ఉన్నదా ఒక్క గది. కోడలి నడుం నొప్పి తగ్గిందా? పడుకునే ముందు గ్యాసు కట్టేస్తున్నారా? మీ హాల్లో నా మంచం ఉందా, తీసేశారా? తీసేసినా నేనేమీ అనుకోను, చాప చాలు. రమ్మంటావో వద్దంటావో మాత్రం వెంటనే రాయి. మీరంతా చల్లగా ఉండాలి.

అమ్మ