చీము పరీక్షలో ఉన్న మాట

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. సంగారెడ్డి కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న నీ బిడ్డ స్వప్న వచ్చి, నీ ఆసుపత్రి కాగితాలు ముందేసుకుని కూర్చుంది. మోకాలి గడ్డ కోసిన రోజు, ఒక్క మాత్ర కూడా వేసుకోకముందే తీసిన చీము పరీక్ష రిపోర్టు నాకు చూపించింది.

“సూడు చిన్నాయనా, నాయినకిచ్చిన మందు ఈ స్టాఫ్ క్రిమికి పనిచెయ్యదని ఈ కాగితంలనే ఉన్నది. గా క్రిమిల ఒక జన్యువు ఉంటది. మందు పట్టుకోలేని ప్రోటీన్ తయారుచేస్తది, గందుకే మందుకు చావది.”

“మరి నడుమ రెండు రోజులు మాత్రలు మానేసిండు కదనే?”

“మానుడు తప్పే. కానీ మానకున్నా గా మాత్రలతోని తగ్గకపోతుండె. క్రిమి ముందుగాలనే గట్ల ఉన్నది.”

ఆ రిపోర్టు వచ్చేసరికే విషం నీ రక్తంలోకి ఎక్కింది. వార్డులో అందరి ముందు నేను నీమీద అరిచాను, డ్యూటీ డ్యూటీ అని మాత్రలు మరిచావని. నువ్వు తల వంచుకుని, “నాదే తప్పు తమ్మీ” అన్నావు.

ఏడాదిగా మన ఊరు లక్డారంలో ఎవరడిగినా నేను అదే చెప్పాను. ఇవాళ పొద్దున ముందు వదినకు చెప్పాను, నీ తప్పు కాదని. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను.

నీ తమ్ముడు