బొడ్రాయి లేని ఊరు

మే 5
మళ్ళీ సైరన్ మోగింది. సరిత నా చేయి పట్టుకుని నేలకింది గదిలోకి లాక్కుపోయింది. బాయిలర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అరగంట. సుడిగాలి రాలేదు. నేను భయపడలేదు. నా బిడ్డే వణికింది.

మే 6
అమెరికాలో సరిత వాళ్ళుండే ఈ ఊరు మొత్తం నడిచాను. తూర్పున ధాన్యం నిలవ చేసే సిమెంటు గోపురాలు, ఎనిమిది. పడమర రైలు పట్టాలు. ఉత్తరాన నీళ్ళ ట్యాంకు, దాని పొట్ట మీద ఊరి పేరు. దక్షిణాన ఏరు. ఏరు దాటితే మక్కచేన్లే. అంతే ఊరు. గుట్ట లేదు, బండ లేదు. రొట్టె పెనంలాగ చదును నేల. గాలికి అడ్డం పడేది ఒక్కటీ లేదు.
ముప్పై ఎనిమిదేళ్ళు సుంకరి పని చేసినవాణ్ణి. పట్వారీల ముందు గొలుసు పట్టి ఊళ్ళు కొలిచినవాణ్ణి. ఊరి హద్దులు నాకు ఎవరూ చూపించనక్కర్లేదు.

మే 7
ఊరి మొదట్లో ఆకుపచ్చ బోర్డు. ఊరి పేరు, కింద ఒక అంకె. జనాభా అంది సరిత. మన మండలంలో సగం కూడా లేరు.
అందులో మనం ఉన్నామా అని అడిగాను. తనూ అల్లుడూ ఉన్నారట. "నువ్వు విజిటర్‌వి కద బాపూ."
అక్టోబర్‌లో టికెట్. తెలుసు. చెప్పాల్సిన పని లేదు.

మే 9
ఊరి నడుమ దొరికింది. గోపురాల నుంచి పట్టాల దాకా అడుగులు లెక్కపెట్టాను. ట్యాంకు నుంచి ఏటి దాకా పెట్టాను. సగం చేసి చూస్తే కోర్టు ముందరి పచ్చిక మైదానం. అక్కడ నడుము ఎత్తు రాయి, చెక్కని రాయి, నిలబెట్టి ఉంది. ఒకవైపు నున్నగా చేసి ఏవో అక్షరాలు. నా లెక్కకు పంతొమ్మిది అడుగులే తేడా.
ఊరిని కాచే బొడ్రాయి నడిబొడ్డున కాక ఇంకెక్కడ ఉంటుంది? ఒక చెంబు నీళ్ళు పోసిన గుర్తు లేదు. పసుపు లేదు. ఎండి పడి ఉంది. అందుకే ఈ గాలులు.
అక్కడ గడ్డి కోసే ముసలాయన — నడుముకు తాళాల గుత్తి. గడ్డిలో పసుపుపచ్చ పూలు మొలిస్తే డబ్బా పట్టుకుని మందు కొడుతున్నాడు, ఆ మందూ పసుపు రంగే. రొమ్ము మీద తట్టుకుని ఎర్నీ అన్నాడు. నేను మల్లయ్య అన్నాను. మాల్ అన్నాడు. సరే, మాలే.

మే 10
బెంచీ మీద ఎర్నీ తన డబ్బా తెరిచి రొట్టెముక్క ఇచ్చాడు. నేను కారం పల్లీలు ఇచ్చాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంకో గుప్పెడు తిన్నాడు. వయసులు వేళ్ళతో చెప్పుకున్నాం. మంచివాడు.

మే 12
పొద్దున ఆరింటికి. సరిత హాస్పిటల్ డ్యూటీకి పోయింది. ఈ రోజు పెద్ద గాలి ఉందని ఫోన్‌లో చూసి చెప్పి మరీ పోయింది.
వంటింట్లో పసుపు డబ్బా, నువ్వుల నూనె సీసా, ఒక బాటిల్ నీళ్ళు. మైదానంలో ఎవరూ లేరు. నూనె కలిపి రాయికి నిండుగా పట్టించాను. అక్షరాల సందుల్లోకి వేళ్ళు పెట్టి మరీ పట్టించాను. నీళ్ళు పోశాను. బొట్టు పెట్టలేదు — కుంకుమ సరిత పూజ డబ్బాలో ఉంటుంది, తీస్తే తెలుస్తుంది.
ఈ ఊరివాళ్ళకు తెలియదు తల్లీ, తప్పు కాయి, నా బిడ్డ ఇక్కడుంది అన్నాను.

అదే రోజు, సాయంత్రం
ఆకాశం పాచి రంగు. సైరన్. వాన ఏకధార. సుడిగాలి ఏటికి అవతలి నుంచే పోయింది. మక్కచేలో ఒక కొట్టం లేచిపోయిందట. ఊళ్ళో ఒక్క పెంకు కదల్లేదు.
ఎవరి వల్ల అని నేను అనడం లేదు. రాసుకుంటున్నాను, అంతే.

మే 14
రాయి చుట్టూ అయిదారుగురు. వానకు పైపూత పోయింది, రంగు పోలేదు. అక్షరాల్లో మరీ చిక్కగా. కోటు వేసుకున్న ఒకామె ఫోన్‌తో ఫోటోలు తీస్తూ ఎర్నీ మందు డబ్బా వైపు చూపించింది. నాకు అర్థమైన మాట ఒక్కటే. స్ప్రే.
ఎర్నీ తన చేతులు చూసుకున్నాడు. తిప్పి మళ్ళీ చూసుకున్నాడు.
నేను చెట్టు పక్కన నిలబడ్డాను. తర్వాత ఇంటికి వచ్చాను.

అదే రోజు
ఆ రాయి ఏమిటని సరితను మామూలుగా అడిగినట్టు అడిగాను. ఎప్పుడో సుడిగాలికి ఈ ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లట. పిల్లలు కూడా. గడ్డి కోసే ఆయన కలుపుమందు దాని మీద పడేసి పాడు చేశాడని ఊరివాళ్ళు ఫోన్‌లో తిట్టుకుంటున్నారట.
"పాపం, ఆయన చెల్లె పేరు కూడా ఉన్నదట దాని మీద."
అన్నం సగంలో లేచాను.

మే 15
బయటికి పోలేదు. మోకాలు నొప్పి అని చెప్పాను. మోకాలికి ఏమీ లేదు.

మే 16
సరితకు చెప్పేశాను. నమ్మలేదు. లేచి పసుపు డబ్బా మూత తీసి చూసింది. ఖాళీ. నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.
"బాపూ, గ్రీన్‌కార్డ్ ఫైల్ ఫైనల్ స్టేజ్‌ల ఉంది. పదకొండేండ్లు వెయిట్ చేసినం. పోలీస్ రిపోర్ట్ అయ్యిందంటే మా ఇద్దరి పని ఖతం. నీకు దండం పెడ్త, ఎవ్వరికి చెప్పకు."
ఆయన్ను ఏం చేస్తారు అన్నాను.
మంగళవారం సాయంత్రం ఊరి కౌన్సిల్ మీటింగ్ అట. తీసేస్తారేమోనట. ముసలాయన, ఎట్లా అయినా రిటైర్ అయ్యేటోడే అంది. అని నా మొహం చూడకుండా గిన్నెలు తోమింది.
ముసలాయనట. నాకంటే రెండేళ్ళు చిన్న.

మే 16, మళ్ళీ
లచ్చవ్వ గుర్తొస్తోంది. ఆమె పొలం హద్దురాయిని పటేల్ మనుషులు నాలుగు గజాలు జరిపారు. గొలుసు ఒక కొస నా చేతిలోనే ఉంది. పంచాయితీలో అడిగితే నేను చూడలేదన్నాను. లచ్చవ్వ ఏడవలేదు, తిట్టలేదు. నా వైపు చూసి కొంగు దులుపుకుని పోయింది.
అప్పుడు నౌకరీ భయం. ఇప్పుడు బిడ్డ భయం. భయం ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది నాకు.

మే 17
పోయాను. ఎర్నీ మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళు తోమే బ్రష్‌తో ఒక్కో అక్షరం కడుగుతున్నాడు. సబ్బు నురగ తగిలి పసుపు కాస్తా ఎర్రబడింది. రక్తం కారినట్టు. వెనక్కి జరిగి కూలబడ్డాడు.
సబ్బు పడితే పసుపు ఎర్రబడుతుంది. ఎండ పడితే పోతుంది. మా ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. నీళ్ళతో ఎరుపు కడిగేసి నాలుగు రోజులు ఎండకు వదిలేస్తే చాలు, చాలావరకు వెలిసిపోతుంది.
మధ్యాహ్నం కోటు ఆమె వచ్చి రాయి మీద నీలం ప్లాస్టిక్ పట్టా కప్పించింది. నలుగురూ చూడకూడదని కాబోలు. పట్టా కింద ఎండ ఎక్కడిది?
పట్టా తీయండి అనాలంటే అది పసుపు అనాలి. పసుపు అంటే ఎవరు పూశారంటారు.

మే 18
ఆదివారం. డ్యూటీ లేకపోయినా ఎర్నీ వచ్చాడు. పట్టా ఒక మూల ఎత్తి ఒక పేరు మీద నా వేలు పెట్టించాడు. అరచెయ్యి నేలకు దగ్గరగా పెట్టి చూపించాడు — ఇంత పిల్ల. నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగేళ్ళు.
ఆ పేరులో నా వేలి గీతలు ఇంకా కనబడుతున్నాయి.
తర్వాత మందు డబ్బా చూపించి, తన రొమ్ము మీద వేలు పెట్టుకుని తల ఊపాడు. తనే చేశాననుకుంటున్నాడు. వాళ్ళు అన్నారు, ఈయన నమ్మాడు.
నో అన్నాను. నో, నో అన్నాను. ఓదారుస్తున్నాననుకుని నా భుజం తట్టాడు.

మే 19
పొద్దున పట్టా తీసి మడిచి పెట్టాను. పదింటికి ఎవరో మళ్ళీ కప్పారు. మళ్ళీ తీశాను. కోటు ఆమె వచ్చింది, నెమ్మదిగానే ఏదో చెప్పింది, తనే కప్పింది. సరితకు ఫోన్ పోయింది. సరిత వచ్చి నన్ను కారులో ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది. దిగేటప్పుడు అంది, "నేను రోజు ఈ ఊర్ల తిరగాలె బాపూ. నువ్వు అక్టోబర్‌ల పోతవ్."
నిజం.
కానీ ఈ ఊరి కోసం దండం పెట్టినప్పుడు విజిటర్‌ని అని గుర్తు రాలేదు నాకు. తప్పు ఒప్పుకునేటప్పుడే గుర్తు రావాలా?

మే 20, మంగళవారం
గడ్డం గీసుకున్నాను. తెల్ల అంగీ, ధోతి. సరిత మూడింటికే వచ్చింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది.
"ఏం చెప్తవ్ పోయి? నీకు ఇంగ్లీష్ ఏమొస్తది?"
నేనే అని చెబుతానన్నాను. రొమ్ము మీద తట్టుకుంటే ఎవరికైనా అర్థమవుతుందన్నాను.
ఎవరికో ఫోన్ చేయబోయి మానేసింది. తర్వాత ఈ నోట్‌బుక్కే లాక్కుని చివరి కాగితం చింపి, ఇంగ్లీష్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. ఇట్ వాజ్ మీ. నాట్ ఎర్నీ. ఇట్ ఈజ్ టర్మరిక్. లెట్ ద సన్ టచ్ ఇట్.
"నేను రాను. నేనొస్తే మొదలు నా పేరే అడుగుతరు." మళ్ళీ తనే, "నువ్వు పోతే ఆపను."
వయోజన బడిలో యాభై ఏళ్ళ వయసులో నేర్చుకున్న అక్షరాలు. పదిసార్లు చదివాను. ఎక్కడా తప్పు పోలేదు.

అదే రోజు, ఆరున్నర
కోర్టు పక్కన హాలు. బయట వరండాలో బెంచీ. లోపల కుర్చీలు సర్దుతున్న చప్పుడు.
ఎర్నీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నడుము మీద తాళాల గుత్తి లేదు, చేతిలో పట్టుకున్నాడు, ఇచ్చేయడానికి. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. తనకు తోడుగా వచ్చాననుకున్నాడు. మాల్ అని జరిగి చోటిచ్చాడు.
లోపలివాళ్ళకు తర్వాత. మొదట ఇతనికి చెప్పాలి. కాగితం జేబులో ఉంది. తీయడానికి చెయ్యి పోవడం లేదు. అందుకే ఇది తీశాను, రాస్తున్నాను.
ఏం రాస్తున్నానా అని ఎర్నీ వంగి చూస్తున్నాడు. గుండ్రటి అక్షరాలకు నవ్వుతున్నాడు. వేలితో ఒకదాన్ని చూపించి ఇదేంటన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.
సరిత రాసిచ్చిన మాటలు ఎక్కించుకున్న చోట, నాట్ ఎర్నీ దగ్గర, ఎర్నీ అనే మాట మీదే పెట్టాడు వేలు. నీ పేరు అని చూపించాను. దాని పక్కన ఏముందో అడుగుతున్నాడు.