చింతగింజల చిట్టీ

దిల్‌సుఖ్‌నగర్ నివాసి, విశ్రాంత లెక్కల మాస్టారు వెంకటనర్సయ్య అనే నేను రాస్తున్న చివరి వీలునామా ఇది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, మభ్యపెట్టలేదు. మతి స్థిరంగానే ఉంది. మనసు మాత్రం విరిగిపోయింది. దానికి చట్టంలో అభ్యంతరం లేదని వకీలు చెప్పాడు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా బడి సైన్సు టీచరు కృష్ణకుమారిది.

1. నేనుంటున్న ఇల్లు సర్వహక్కులతో నా భార్య భాగ్యమ్మకు చెందుతుంది. శనివారాలు నేను బడి నుంచి వచ్చేదాకా తినకుండా కూర్చునేది. ఇక వేళకు తినాలి.

2. అల్మాస్‌గూడ ప్లాటు నా కొడుకు ఉపేందర్‌కు. ఎవరికీ జమానతు సంతకం పెట్టకూడదని షరతు. పెడతాడు, నాకు తెలుసు. డబ్బు గురించి నేను చెప్పే శనివారం క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నవాడే. ఇప్పుడు బండి, టీవీ, చేతిలో ఫోను అన్నీ వాయిదాల మీదే. ఇంట్లోవాడికే ఎక్కని పాఠం ఊళ్ళోవాళ్ళకేం ఎక్కుతుంది?

3. బడి కరస్పాండెంట్ త్రినాథరావుకు నా చేతిగడియారం. సకల జనుల సమ్మె ముగిసి బడి తెరవగానే ఆయన, రిటైరయ్యాక కూడా నేను చెబుతున్న శనివారం పీరియడు ఎత్తేశాడు. "పోయిన సిలబస్ పూడ్చుకోవాలి కదండీ మాస్టారూ. డబ్బు సంగతి వాళ్ళ నాన్నలు చెప్తార్లెండి" అన్నాడు. ఆ నాన్నలే కదా తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టి, తర్వాత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది! ఆయన గుంటూరువాడని కాదు నా కోపం. మావాడైనా అదే చేసేవాడు. గడియారం వెనక నడుస్తుంది, ఆయనే బాగుచేయించుకోవాలి.

4. చింతగింజల సంచి ఎవరికీ ఇవ్వను. పదో తరగతి పిల్లలతో ఆ గింజలతోనే చిట్టీ వేయించేవాణ్ణి. తలా గుప్పెడు పోస్తారు, పాట పాడతారు. ఎవరు ఎక్కువ గింజలు వదులుకుంటే కుప్ప వాళ్ళది, వదిలినవి మిగతావాళ్ళకు పంపకం. ఆఖరుదాకా ఆగినవాడికే లాభమని చూపించడం నా ఉద్దేశం. యాదలక్ష్మి అనే పిల్ల మాత్రం ఎప్పుడూ మొదటి పాటే, అదీ సగం వదులుకుని. బోర్డు మీద ఆమె పేరు పక్కన "తొందర" అని రాసేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు.

ఆమె తండ్రి సీతారాములు ఆర్టీసీ డ్రైవరు, ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు. సమ్మెలో జీతం ఆగింది, తల్లి దవాఖానలో పడింది. బడి తెరిచాక పిల్ల రాలేదు. మొన్న తువ్వాలు కొందామని బట్టల దుకాణానికి వెళ్తే అక్కడ చీరలు మడత పెడుతోంది. మడత ఆపకుండానే అంది:

"ఆఖరుదాక ఆగినోళ్లకే లాభమని చెప్పిన్రు సార్. ఆగుడెట్లనో చెప్పలే."

ఇన్నేళ్ళు ఆగగలిగినవాళ్ళకే ఆగమని చెప్పాను. తువ్వాలు కొనకుండానే ఇంటికొచ్చాను. ఆ సంచిని కృష్ణకుమారి పారేయాలి.

5. బ్యాంకులో నా పేర ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మొత్తం యాదలక్ష్మి చదువుకు. బతికుండగా ఇవ్వచూపకపోలేదు. కవరు పట్టుకుని వెళ్తే సీతారాములు గడప దాటనివ్వలేదు. "కొలువు చేసుకునేటోళ్లం సార్, ఒకల సొమ్ము తినం" అని చేతిలో తిరిగి పెట్టాడు. చచ్చినవాడికి తిరిగి ఇవ్వలేడు కదా.

డిపాజిట్ గడువు ఇంకా మూడేళ్ళుంది. ఆగొద్దు. వడ్డీ పోతుందని బ్యాంకువాళ్ళు అంటారు, నా పాఠమే నాకు అప్పజెప్పి ఉపేందర్ కూడా ఆగమంటాడు. వినొద్దు. నా పదో రోజు కాకముందే రద్దు చేయించి ఆమె ఫీజు కట్టాలి.

పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ డిసెంబరులో. అది దాటితే ఆ పిల్ల చీరల దగ్గరే ఉండిపోతుంది. డాక్టరేమో నేను ఫిబ్రవరి దాకా ఉంటానన్నాడు. అందరికీ ఆగమని చెప్పినవాణ్ణి, నాకిప్పుడు ఆగడం చేతకావడం లేదు.

2011 నవంబరు 26, శనివారం, ఆఖరి పీరియడు వేళ.

(సంతకం) వెంకటనర్సయ్య

మా ఎదుట సంతకం చేశారు:
సాంబమూర్తి, పక్కింటివారు
మట్టయ్య, బడి వాచ్‌మన్