సరోజక్క కన్ను

మంగళవారం, రాత్రి

సరోజక్క కుడికంటికి మళ్ల చూపొస్తదని చెప్పలేమన్నరు నారాయణగూడ డాక్టరు గారు.

మా అక్వేరియం చేపల షాపుల ఉప్పునీళ్ల తొట్లు కడిగేది ఆమెనే. నిన్న రాయికి అతుక్కున్న ఎనిమోన్‌ని, అదే పువ్వు లెక్క కనిపించే సముద్రపు జీవిని, బ్రష్షుతో గీకింది. బెదిరితే అది ఒంట్లకెళ్లి సన్నటి తెల్ల దారాలు వదులుతది, వాటి నిండ విషమే. అవి అంటిన చేత్తోనే అక్క కన్ను నలుపుకుంది.

గ్లౌజులు చిరిగి నెలయింది. కొత్తవి కావాలని అక్క నన్ను రెండుసార్లు అడిగింది. "ఏం కాదక్కా, జర చురుక్కుమంటది అంతే" అన్నది నేనే.

ఇయ్యాల ఆస్పత్రిల ఆమె బిడ్డ అడిగింది: "అన్నా, దాంట్ల విషముంటదని నీకు తెల్వదా?"

"తెల్వదమ్మా" అన్న.

మంచం మీద అక్క మొత్తం విన్నది. నా దిక్కు మొహం తిప్పింది. బిడ్డకు ఏమీ చెప్పలే.