పదో తరగతి తప్పిన అమ్మాయి

పోఖరా,
చైత్రం 20

బువాకు,

మీ పాదాలకు తల ఆనించి ఢోగ్ పెట్టి మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరంలో నేను తల వంచే చోటు ఇదొక్కటే. ఫోనైతే మధ్యలో పెట్టేస్తారు. కాగితాన్ని అలా ఆపలేరు కనుక రాస్తున్నాను.

నిన్న ఫూల్‌మతి దిదీ ఫోన్ చేసింది. తెలుసుగా, బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని మన ఊరి బడిలోనే చదివించుకుంటున్న మనిషి. "ఏమే ఓంకలా, ఈ ఏడు కూడా పదో తరగతి తప్పావటే? పోఖరాలో క్యాంపస్ చదువు అని మాకు కోతలు కోస్తున్నావా?" అంటూ పకపకా నవ్వింది. బడి యాజమాన్య సమితి ఎన్నికకు గోడ మీద ఓటర్ల జాబితా అంటించారట. అందులో ఇలా ఉందట: విద్యార్థిని ఓంకలా ఆలే, పదో తరగతి, సంరక్షకుడు తండ్రి హోంబహాదుర్ ఆలే.

నేను పదో తరగతి పాసై నాలుగేళ్లయింది. క్యాంపస్ వాదపోటీల్లో మూడుసార్లు నెగ్గాను. ఊరి రిజిస్టరులో మాత్రం ఏటేటా తప్పుతూనే ఉన్నాను. కారణం ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. బిడ్డ ఆ బడిలో చదువుతుంటేనే సమితిలో చోటు. తమ్ముడు నిశ్చల్‌ని మీరు బజారులోని ఇంగ్లీషు బోర్డింగ్‌లో వేశారు. సమితిలో మీ అధ్యక్షుడి కుర్చీ కింద పెట్టడానికి ఇక మిగిలింది నేనే.

ఒక మాట ఇన్నేళ్లూ దాచుకున్నాను. నన్ను ఆ బడిలో చేర్చిన రోజు అమ్మతో "ఆడపిల్లకు ఇది చాల్లే" అన్నారు. తలుపు చాటున విన్నాను. మీ కొడుక్కి పనికిరాని బడి, బువా, మీ పెత్తనానికి ఎలా పనికొచ్చింది? ఐదో తరగతి గది కప్పు రెండు వానాకాలాలుగా కారుతోంది. ఆ నీళ్లు మీ బిడ్డ పుస్తకం మీద పడలేదు కనుక మీకు తడి తెలియలేదు. బడిని ఊరి చేతికి అప్పగించిన సంస్కరణ సరైనదేనని నేను వేదికలెక్కి వాదిస్తాను. కానీ ఊరంటే ఆ బెంచీ మీద బిడ్డను కూర్చోబెట్టినవాళ్లు.

నా పేరు మీ చేత్తో మీరే కొట్టేయండి. లేదంటే వైశాఖం రెండో శనివారం ఎన్నిక జరిగే సంరక్షకుల సభకు మీ విద్యార్థిని స్వయంగా హాజరవుతుంది. బడి రోజుల పాత నీలి చొక్కా అమ్మ దగ్గర భద్రంగానే ఉంది.

వెనక్కి తగ్గని మీ కూతురు,
ఓంకలా


పోఖరా,
జ్యేష్ఠం 25

బువాకు,

సభ తరువాత మీరు నాతో మాట్లాడలేదు. బస్సు దాకా అమ్మ ఒక్కతే వచ్చింది. అయినా నేను చేసినదానికి చింతించడం లేదు.

హెడ్ సర్ జాబితా చదువుతూ నా పేరు దగ్గరికి రాగానే, చేతుల దగ్గర బిగుతైపోయిన ఆ నీలి చొక్కాలో లేచి "హాజర్ సర్!" అన్నాను. వెనక నుంచి ఎవరో "అబ్బో, ఈ పిల్ల పెళ్లీడు దాటేదాకా పదిలోనే ఉండేట్టుంది!" అన్నారు. అందరూ నవ్వారు. మీరు మాత్రం, "సిగ్గు లేదూ? నడు బయటికి!" అని గర్జించారు.

"వెళ్తాను బువా. నేను బయటికెళ్తే మీ కుర్చీ కూడా నా వెనకే వస్తుంది."

మీరు హెడ్ సర్ చేతిలోని కలం లాక్కుని నా పేరు మీద గీత గీశారు. కాగితం చిరిగింది. ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు. సాయంత్రానికి ఫూల్‌మతి దిదీ అధ్యక్షురాలైంది.

మీరు జీవితాంతం నన్ను క్షమించరనుకున్నాను. నిన్న దిదీ మళ్లీ ఫోన్ చేసింది. మీరు నిశ్చల్‌ని వెంటబెట్టుకొచ్చి మన ఊరి బడిలో ఐదో తరగతిలో చేర్చారట. "మళ్లీ ఎన్నికకు నిలబడతా. ఈసారి అసలు బిడ్డతో," అని ఆమె మొహం మీదే సవాలు చేశారట. తరువాత తలెత్తి కప్పు చూసి, "ఇక్కడ కారుతుందా?" అని అడిగారట. అధ్యక్షుడిగా తొమ్మిదేళ్లు అడగని మాట! మర్నాడే రేకులు మోయించి, మీరే పైకెక్కి మేకులు కొట్టారట.

దీనికి నేను చప్పట్లు కొట్టను. కారే గదులు ఇంకా మూడున్నాయి. మీరు మళ్లీ నిలబడితే ఇంటింటికీ తిరిగి మీకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తాను. తమ్ముడిని కిటికీ పక్క బెంచీ మీద కూర్చోమనండి. అది నాది. మేకులు కొట్టేటప్పుడు మీ మోకాలు జాగ్రత్త.

పదో తరగతి పాసైన మీ కూతురు,
ఓంకలా