కొత్త హ్యాండ్‌గార్డు, పాత అన్నయ్య

నవంబర్ 3, ఆదివారం

నిర్ణయం అయిపోయింది! వెనక్కి తగ్గడానికి లేకుండా రాసి పెట్టుకుంటున్నాను.

ఇవాళ జూఛీ దారిలో లోంగన్ పళ్ళ తోటలో ప్లాస్టిక్ గుళ్ళ తుపాకుల ఆట. మా చ్యాయీ జట్టు ఓడిపోయింది. అది మామూలే. కానీ పరిగెడుతూ రాతి మీద పడ్డాను. నా ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ గొట్టం చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, అదే హ్యాండ్‌గార్డు, నిలువునా పగిలింది.

"అల్యూమినియంది తెప్పించి నేనే బిగిస్తా" అన్నాను భోజనాల దగ్గర.

మా జట్టు కెప్టెన్ మా అన్నయ్య గ్వాంగ్‌షీ. అందరూ వింటుండగా అన్నాడు: "యున్‌షాన్, నువ్వు నీ పార్లర్‌లో అందరి జుట్టూ కత్తిరించుకో తల్లీ. నట్లూ బోల్టులూ మాకొదిలెయ్. చిన్నప్పుడు నువ్వు విప్పిన రేడియో మళ్ళీ పాడిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా నవ్వు మొహంతోనే ఉన్నాను. వచ్చాక తలుపు కాస్త గట్టిగా వేశాను.

నిబంధనలు: నేనే బిగించాలి. అన్నయ్యని అడగకూడదు. హ్యాండ్‌గార్డు తప్ప ఇంకేదీ కొనకూడదు. ఇరవై నాలుగున దౌనాన్ జట్టుతో ఆట. అప్పటికి సిద్ధం!

నవంబర్ 5, మంగళవారం

వచ్చేసింది! మూలమీది కొట్లో పార్సిల్ తీసుకుని అక్కడే విప్పేశాను. నల్లగా, పొడుగ్గా, ఒళ్ళంతా చిల్లులు. ఎంత తేలికో! ముద్దొచ్చేస్తోంది.

పార్లర్‌లో బల్ల మీద పెట్టాను. శుక్రవారం జుట్టుకి ఉంగరాలు తిప్పించుకుంటానని చెప్పడానికొచ్చిన హౌ ఆంటీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముల్లంగి తురుముకి బావుంటుంది. ఎక్కడ కొన్నావ్?"

నవంబర్ 6, బుధవారం

పాత తొడుగు ఊడదీశాను. చిటికెలో వచ్చేసింది! అన్నయ్యలు ఊరికే భయపెడతారు.

దాని కింద ఇంకో పెద్ద నట్టు ఉంది. గొట్టాన్ని పట్టి ఉంచేది అదే. అది తీస్తేగానీ కొత్తది ఎక్కదు. తిప్పాను. కదల్లేదు. రెండు చేతులా తిప్పాను. నేను కదిలాను, అది కదల్లేదు.

నా తప్పేం లేదు. సరైన పానా లేదు, అంతే. పానా కొనొచ్చు. పానా తుపాకీలో భాగం కాదు కదా.

నవంబర్ 8, శుక్రవారం

విజయం!!

పానాకీ లొంగలేదు ఆ నట్టు. జిగురేసి బిగించారట. వేడి చేస్తే జిగురు మెత్తబడుతుందని వీడియోలో చూశాను. వేడి! నా పార్లర్‌లో ఉన్నదే అది! రెండు డ్రయ్యర్లు ఒకేసారి పెట్టాను. తలనిండా రోలర్లతో కూర్చున్న హౌ ఆంటీ పక్క కుర్చీలోంచి వంగి చూసింది.

"దానిక్కూడా కర్లింగేనా?"

"ఆంటీ, కాస్త ఈ చివర పట్టుకోండి."

"పేలదుగా?"

"పేలేది ప్లాస్టిక్ గుళ్ళే. అవీ ఇందులో లేవు. బ్యాటరీ కూడా తీసేశా."

పట్టుకుంది. నేను పానా వేసి లాగాను. టక్కుమని ఊడింది. నేను షాంపూ సీసాల మీద పడ్డాను. ఆంటీ మాత్రం కుర్చీలో నిబ్బరంగా, గొట్టం చేత్తో పట్టుకుని అలాగే ఉంది. ఆవిడ రోలర్లు తియ్యాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఉంగరాలు కాస్త ఎక్కువయ్యాయి. "వయసు తగ్గినట్టుంది" అంది అద్దంలో చూసుకుని. బంగారు తల్లి!

నవంబర్ 10, ఆదివారం

కొత్తది ఎక్కించాను. మా ఆయన మింగ్‌దా బస్సు డ్యూటీ నుంచి రాగానే చూపించాను.

"అబ్బో! భలే ఉంది. మరి ఈ రెండు తీగలు మీసాల్లా బయటికి వేలాడుతున్నాయేం?"

అక్కడే వచ్చింది చిక్కు. పాత తొడుగు లావు. బ్యాటరీ దాని కడుపులోనే ఉండేది. కొత్తది సన్నం. లావు బ్యాటరీ అందులో దూరదు.

సన్నటి బ్యాటరీ తెప్పిస్తున్నాను. బ్యాటరీ కూడా భాగం కాదు. అది తిండి. తిండి లేకుండా ఎవరైనా బతుకుతారా?

నవంబర్ 13, బుధవారం

సన్న బ్యాటరీ దూరింది! అంతా బిగించాను. మింగ్‌దా ఒక కన్ను మూసి చూశాడు.

"కాస్త ఎడమకి ఒరిగింది."

వదులు చేసి తిప్పి బిగించాను.

"ఇప్పుడు కుడికి."

మళ్ళీ.

"ఇప్పుడు బాగానే... ఆగు. ఉహూఁ."

ఆ మనిషితో మాట్లాడ్డం మానేశాను. అంతలో ఒక చిన్న స్క్రూ జారి నేలమీద పడింది. రోజంతా కత్తిరించిన జుట్టు అంతా అక్కడే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరం జుట్టులో వెతికాం. ముందు ఒక చెవిపోగు దొరికింది. తర్వాత ఇంకొకటి, వేరే జతది. స్క్రూ చివరికి మింగ్‌దా చెప్పులో దొరికింది. మాట్లాడ్డం మళ్ళీ మొదలెట్టాను.

నవంబర్ 17, ఆదివారం

ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళ రోజులు. వరసగా పెళ్ళికూతుళ్ళే. పెళ్ళికూతురి తల వదిలేసి తుపాకీ పట్టుకుంటే వాళ్ళమ్మ ఊరుకుంటుందా?

నవంబర్ 20, బుధవారం

చలిగా ఉంది. చలిలో లోహం ముడుచుకుపోతుందట. ఇలాంటప్పుడు పని చెయ్యకూడదు.

(మింగ్‌దా పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతున్నాడు. అతని ఒళ్ళు వేరు.)

పార్సిల్ కొట్లో అమ్మాయి నన్ను చూడగానే అడగకుండానే పెట్టె తీసిచ్చింది. ఒకటి కాదు, మూడు.

"హ్యాండ్‌గార్డు ఒక్కటే అన్నావు" అన్నాడు మింగ్‌దా.

"ఒక్కటే. కానీ దానికి ఇన్ని చిల్లులున్నాయి కదా, ఖాళీగా ఉంటే బావుంటుందా? కింద పట్టుకోవడానికి ఒక పిడి. పక్కన ఒక లైటు."

"మూడోది?"

"భుజానికి ఆనించే వెనక భాగం. ముందు కొత్తగా ఉంటే వెనక మరీ పాతగా కనబడుతోంది."

"రేపు నన్ను కూడా మార్చేస్తావా?"

"నువ్వు దొరకవు. నీ మోడల్ తయారుచెయ్యడం ఆపేశారు."

నవ్వాడు. నేను నవ్వలేదు. నిబంధన ఎక్కడ జారిపోయిందో నాకే తెలియలేదు.

నవంబర్ 23, శనివారం

అయిపోయింది. నేను కూడా అయిపోయాను.

పొద్దున అన్నీ బిగించాను. అందంగా ఉంది. ట్రిగ్గర్ నొక్కాను. చప్పుడు లేదు. బ్యాటరీ తీసి పెట్టాను. లేదు. బతిమాలాను. ఊహూఁ.

రేపే ఆట. పార్లర్ కుర్చీలో కాసేపు కూర్చున్నాను. అన్నయ్య మొహం ఎలా వెలిగిపోతుందో ముందే కనబడుతోంది. "నేను చెప్పలా?" అంటాడు. అననీ. ఆట మానుకోవడం కన్నా అది నయం. తుపాకీని తువ్వాలులో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

వదిన లీఛూ తలుపు తీసింది. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద అన్నయ్య తుపాకీ, ముక్కలు ముక్కలుగా. వదిన చేతిలో టంకం వేసే కడ్డీ, ఇంకా పొగ వస్తోంది.

"మీ అన్నయ్య నిన్న శుభ్రం చేశాడు" అంది.

"శుభ్రం చేస్తే ఇలా ఉందేంటి వదినా?"

"నేనూ అదే అడిగాను."

"అంటే... ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ నేనే. పెళ్ళికి ముందు సర్క్యూట్ల కంపెనీలో చేశాగా. ఆయన విప్పుతాడు, నేను బిగిస్తాను. ఆదివారాలు ఆటకెళ్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, నాకు అంతకన్నా ఏం కావాలి? సరే, నీదేంటి, ఇలా ఇవ్వు."

ముందు భాగం విప్పి చూసింది. పెద్ద నట్టు బిగించేటప్పుడు కింద ఒక తీగ పడి నలిగి తెగింది.

"ఈ నట్టు నువ్వే తీశావా? జిగురుది?"

"ఆఁ. డ్రయ్యర్లతో."

వదిన నా వైపు తిరిగి చూసింది. "ఇది తియ్యలేక మీ అన్నయ్య ఒకసారి రెండు రోజులు అన్నం మానేశాడు. తీగ తెగడం ఎవరికైనా జరుగుతుంది. నట్టు తియ్యడం అందరి వల్లా కాదు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టంకం పొగ అన్నాను.

తెగిన చోట అతుకు ఎలా వెయ్యాలో చూపించి, కడ్డీ నా చేతికే ఇచ్చింది. వేశాను. ట్రిగ్గర్ నొక్కాను. టకటకటక! ఇద్దరం అరిచాం.

సరిగ్గా అప్పుడే అన్నయ్య రెండు గ్లాసుల టీతో లోపలికొచ్చాడు. నన్ను చూశాడు. బల్ల చూశాడు. వదిన చేతిలో తన తుపాకీ ట్రిగ్గర్ చూశాడు.

"ఇంకో టీ తెస్తా" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

గంటైనా రాలేదు.

నవంబర్ 24, ఆదివారం

తోట. ఎండ. దౌనాన్ వాళ్ళు కొత్త యూనిఫాంలతో వచ్చారు.

నా తుపాకీ చూసి అందరూ చుట్టూ చేరారు. "ఎవరు బిగించారు?" అడిగారు. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అన్నాడు, కాస్త గట్టిగానే: "మా చెల్లి. నట్టు కూడా తనే తీసింది." అని గబగబా వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

మొదటి ఆటలో దాదాపు దౌనాన్ వాళ్ళ జెండా దాకా వెళ్ళాను! ఇంకో పది అడుగులు. చటుక్కున తిరిగాను. హ్యాండ్‌గార్డు మరీ పొడుగు. లోంగన్ కొమ్మల మధ్య ఇరుక్కుంది. నేను లాగుతున్నాను, చెట్టు లాగుతోంది. దౌనాన్ కుర్రాడొకడు నవ్వు ఆపుకుంటూ, "అక్కా, కొట్టమంటారా?" అని అడిగి మరీ కొట్టాడు.

"చచ్చాను!" అని చెయ్యెత్తి బయటికొచ్చాను. ఓడిపోయాం. ఇంత హాయిగా ఎప్పుడూ ఓడలేదు.

నవంబర్ 25, సోమవారం

పార్లర్‌కి సెలవు. మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. ఒక చేతిలో టర్కీ కోడి మాంసం వేసిన అన్నం పొట్లాలు, ఇంకో చేతిలో తన తుపాకీ.

"లీఛూ ఇక నా తుపాకీ ముట్టుకోనంది" అన్నాడు నేల చూస్తూ. "నీ చెల్లిని అడుగు అంది."

"నేను జుట్టు కత్తిరించుకునేదాన్ని కదా?"

"ఆ రోజు నోరు జారాను చెల్లీ. మూడు వారాలుగా అది నాకే గుచ్చుకుంటోంది. తిట్టాలంటే తిట్టు. అన్నం చల్లారకముందే తిట్టెయ్."

తిట్టలేదు. తిన్నాం.

కొత్త నిర్ణయం! డిసెంబర్ 8 ఆటకి రెండు తుపాకులూ సిద్ధం. రెండింటికీ పొట్టి హ్యాండ్‌గార్డులు. అవి తప్ప వెంట్రుకంత ముక్క కూడా కొనను. ఈసారి ఖాయం. వదినని కూడా పిలవను.

"నేను పక్కన కూర్చోవచ్చా?" అడిగాడు అన్నయ్య.

కూర్చోవచ్చు. ముట్టుకోకూడదు.